మా ఆయన సొంత దేశానికి మా ఇద్దరి ప్రయాణం: బ్రిటన్ స్పౌజ్ వీసా అనుభవం

2023 అక్టోబరులో యార్క్‌షైర్‌లో ఉంటున్న మా అత్తగారు మెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకునే దాకా, హైదరాబాదు వదిలి వెళ్ళే మాట మా ఇద్దరి మధ్య గట్టిగా ఎప్పుడూ రాలేదు. మా ఆయన బ్రిటిష్ పౌరుడు. నాది రాజమహేంద్రవరం. 2017లో ప్రత్యేక వివాహ చట్టం కింద, నెల రోజుల నోటీసు గడువు పూర్తయ్యాక, హైదరాబాదులోనే మా పెళ్ళి రిజిస్టరయింది. నేను ఒక డిగ్రీ కళాశాలలో ఇంగ్లీషు పాఠాలు చెప్పేదాన్ని, ఆయన ఒక సంస్థలో ఉద్యోగుల శిక్షణ చూసుకునేవారు. అత్తగారికి ఆయన ఒక్కడే కొడుకు. ఆవిణ్ణే ఇక్కడికి తీసుకురావాలని ముందు అనుకున్నాం గానీ, డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులో తన ఇల్లు, తన డాక్టరు, తన చుట్టుపక్కల వాళ్ళను వదిలి రానని ఆవిడ తేల్చి చెప్పారు. మా అమ్మను అడిగినా ఇదే జవాబు చెప్పి ఉండేది కాబట్టి నేను వాదించలేదు.

సొంత దేశానికి తిరిగి వెళ్ళడమంటే టిక్కెట్టు కొనుక్కుని విమానం ఎక్కడమే కదా అని మా వైపు చుట్టాలందరూ అనుకున్నారు. అలా అనుకోవడానికి కారణం లేకపోలేదు. ఆయన మొదట ఎంట్రీ వీసా మీద ఇక్కడ ఉన్నారు, పెళ్ళి రిజిస్టరై రెండేళ్ళు నిండాక పదిహేను వేల రూపాయలు కట్టి, వీసా లేకుండా మన దేశంలో ఎంతకాలమైనా ఉండనిచ్చే ఓసీఐ కార్డుకు దరఖాస్తు పెట్టుకున్నారు, విచారణలు ముగిశాక కార్డు వచ్చింది. ఆ మొత్తం వ్యవహారంలో నా జీతమెంతని ఎవరూ అడగలేదు. బ్రిటన్ వాళ్ళు అడిగే మొదటి ప్రశ్నే అది. భార్యను తీసుకుని స్వదేశానికి వెళ్ళే బ్రిటిష్ పౌరుడికి నిర్ణీత ఆదాయం ఉండాలి, అది ఉన్నట్టు కాగితాల మీద చూపించాలి. మీ ఇద్దరిలో ఒకరిది ఆ దేశమైతే, ఇల్లు ఎక్కడ తీసుకోవాలి, సామాను ఎలా పంపాలి అన్న చర్చల కంటే ముందు ఈ లెక్క వేసుకోండి. మా జీవితంలో ఏడాదిన్నర ఈ ఒక్క అంకె చుట్టూనే తిరిగింది.

2012 నుంచి ఆ అంకె ఏడాదికి 18,600 పౌండ్లు. భార్యాభర్తలిద్దరూ విదేశంలో ఉండి ఒకేసారి వెళ్ళాలనుకుంటే దానికి రెండు షరతులుండేవి. విదేశంలో చేస్తున్న ఉద్యోగంలో ఆరు నెలలుగా ఆ స్థాయి జీతం వస్తూ ఉండాలి, బ్రిటన్‌కు చేరిన మూడు నెలల లోపు మొదలయ్యే ఉద్యోగం అంతే జీతంతో అక్కడ ఖాయమై ఉండాలి. ఆయన హైదరాబాదు జీతం ఇరవై లక్షల చిల్లర. అప్పటి మారకం రేటులో అది పంతొమ్మిది వేల పౌండ్లు, అంటే గీత దాటేందుకు సరిగ్గా సరిపోయేది. ఇక అక్కడొక ఉద్యోగం దొరికితే చాలు అనుకుంటుండగా, డిసెంబరు 4న అప్పటి హోం మంత్రి జేమ్స్ క్లెవర్లీ ఈ పరిమితిని 38,700కు పెంచుతున్నట్టు పార్లమెంటులో ప్రకటించారు. ఆ రాత్రి మేమిద్దరం భోజనాలు కూడా సరిగా చేయలేదు. అదే నెల చివరికొచ్చేసరికి కొంత వెనక్కి తగ్గి, పెంపు దశలవారీగా ఉంటుందని, మొదటి దశలో 29,000 పౌండ్లని చెప్పారు. అమలు తేదీ 2024 ఏప్రిల్ 11గా ఖాయమైంది. ఆ లోపు దరఖాస్తు పెట్టినవాళ్ళకు పాత అంకే వర్తిస్తుంది.

అక్కణ్ణుంచి మూడు నెలలు మా ఇల్లు ఒక ఉద్యోగాన్వేషణ కేంద్రంగా మారిపోయింది. ఇంగ్లండులో పగలు మనకు సాయంత్రం, రాత్రి కాబట్టి, ఆయన ఆఫీసు నుంచి వచ్చి స్నానం చేసి, పైన చొక్కా కింద లుంగీతో ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవారు. చాలా చోట్ల సంభాషణ బాగానే సాగేది, చివర్లో మాత్రం "మీరు ఇక్కడికి వచ్చాక మాట్లాడదాం" అనేవారు. ఆయన ఆ దేశస్థుడే అయినా తొమ్మిదేళ్ళుగా బయట ఉన్నారన్నది వాళ్ళకు ఒక అనుమానం, భారతదేశంలో చేసిన పనిని ఎలా లెక్కకట్టాలో తెలియకపోవడం మరొక ఇబ్బంది. ఏప్రిల్ 11 వచ్చింది, వెళ్ళింది. లీడ్స్ దగ్గరి ఒక సంస్థ నుంచి ఉద్యోగపు ఉత్తరం ఏప్రిల్ చివరి వారంలో అందింది, జీతం 31,500 పౌండ్లు. ఆ ఉత్తరం పదిహేను రోజులు ముందు వచ్చి ఉంటే మేమిద్దరం ఒకే విమానంలో వెళ్ళి ఉండేవాళ్ళం.

కొత్త అంకెకు అక్కడి జీతం సరిపోతుంది గానీ ఇక్కడి జీతం సరిపోదు. 29,000 పౌండ్లంటే ముప్పై లక్షల రూపాయల పైమాటే. అందుకని మిగిలిన దారి ఒక్కటే: ఆయన ముందు వెళ్ళి, అక్కడ ఆరు నెలలు జీతం తీసుకుని, ఆ పే స్లిప్పులతో నా వీసాకు దరఖాస్తు పెట్టడం. రెండో దారి లేకపోలేదు. జీతం చూపించకుండా పొదుపు చూపించవచ్చు, కాని దాని లెక్క వింటే కళ్ళు తిరుగుతాయి. కావలసిన ఆదాయాన్ని రెండున్నరతో గుణించి పైన పదహారు వేలు కలపాలి, అంటే 88,500 పౌండ్లు, దగ్గరదగ్గర తొంభై మూడు లక్షల రూపాయలు. అది ఆరు నెలలుగా మన చేతిలోనే ఉండాలి. అమ్మ ఫోనులో విషయమంతా విని, బొమ్మూరు వైపున్న స్థలం అమ్మేద్దామంది. నాన్న పోయాక ఆవిడకు మిగిలిన భరోసా ఆ స్థలం ఒక్కటే. నేను వద్దన్నాను. "అల్లుడుగారు వాళ్ళ దేశం వాళ్ళు వెళ్ళడానికి పెళ్ళాన్ని ఆర్నెల్లు వదిలి ఉండాలా? ఇదెక్కడి న్యాయమే?" అని ఆవిడ అడిగిన దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

2024 జూన్ మొదటి వారంలో ఆయన వెళ్ళిపోయారు. పదో తేదీన ఉద్యోగంలో చేరారు.

సొంత ఊరు చేరినవాడికి ఇబ్బందులేముంటాయి అనుకుంటాం. తొమ్మిదేళ్ళు లేకపోయేసరికి ఆయనకు అక్కడ అప్పు చరిత్ర (క్రెడిట్ హిస్టరీ) అనేదే లేదు, చేతి ఫోను కాంట్రాక్టు కూడా మొదటిసారి తిరస్కరించారు. అద్దె ఇల్లు చూస్తే హామీదారు కావాలన్నారు, నలభై ఏళ్ళు దాటిన మనిషికి తల్లి హామీ ఇవ్వాలట. చివరకు తల్లి ఇంట్లోనే ఉండిపోయారు. నా వీసాకు కావలసిన వసతి రుజువుకు అదే మేలైంది. ఇల్లు తనదేనని, కొడుకూ కోడలూ తనతో ఉండేందుకు గది ఉందని అత్తగారు రాసిచ్చిన ఉత్తరం, భూమి రిజిస్ట్రీ నుంచి తీసిన హక్కు పత్రం జతచేస్తే సరిపోయింది. అయితే ఆయన ఆ ఇంట్లో చేరగానే, ఒంటరిగా ఉన్నందుకు అత్తగారికి కౌన్సిల్ పన్నులో, అంటే స్థానిక సంస్థకు కట్టే ఇంటి పన్నులో, ఇస్తున్న పాతిక శాతం తగ్గింపు పోయింది. ఇలాంటి ఖర్చులు ఎవరూ ముందుగా చెప్పరు. మొదటి జీతంలో, పన్ను వివరాలు ఇంకా అందనప్పుడు వేసే అత్యవసర పన్ను కోడు పడి ఎక్కువ కోసుకున్నారు, తరువాతి నెలలో తిరిగి వేశారు. దాంతో చేతికొచ్చిన మొత్తం రెండు నెలలు రెండు రకాలుగా కనిపించింది. అధికారులు చూసేది కోతలకు ముందున్న జీతమే అయినా, పే స్లిప్పులోని నికర మొత్తమూ బ్యాంకు ఖాతాలో పడిన మొత్తమూ పైసాతో సహా సరిపోలాలి. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి ప్రతి నెలా జీతం పడిన రోజున ఆయన రెండు కాగితాలూ ఫొటో తీసి పంపేవారు, నేను ఇక్కడ కూర్చుని సరిచూసేదాన్ని. మా సంభాషణలో ప్రేమ మాటల కంటే పన్ను కోడుల మాటలే ఎక్కువైన రోజులవి.

ఒక రాత్రి ఆయన ఉన్నట్టుండి "ఇక్కడ నేను పరాయివాణ్ణి అయిపోయాను" అన్నారు. దుకాణంలో చిల్లర నాణేలు లెక్కపెట్టడానికి ఆలస్యమైతే వెనకున్నవాడు విసుక్కున్నాడట. సాయంత్రం ఏడింటికి టీ తాగుదామంటే తెరిచి ఉన్న కొట్టు లేదట. నాకు జాలి వేసింది, కొంచెం భయం కూడా వేసింది. అది ఆయన పుట్టిన ఊరే అయినా ఆయనకే ఇలా ఉంటే, నా గతేమిటని ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను.

ఆ ఆరు నెలల్లో నేను చేయవలసిన పనులు రెండు: ఇంగ్లీషు పరీక్ష, క్షయ పరీక్ష. ఇంగ్లీషులో ఎం.ఏ. చేసి, పద్నాలుగేళ్ళుగా పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నదాన్ని గనుక డిగ్రీ చూపిస్తే చాలనుకున్నాను. డిగ్రీతో మినహాయింపు పొందే మార్గం ఉంది గానీ, ఇంగ్లీషు మాధ్యమంలో చదివానని విశ్వవిద్యాలయం నుంచి ఉత్తరం తెచ్చుకోవాలి, దాన్ని బ్రిటన్‌లోని మదింపు సంస్థకు పంపించాలి. ఆ ఉత్తరం ఎప్పుడొస్తుందో కౌంటరులోని ఆయన చెప్పలేనన్నారు. దానికంటే ఐఈఎల్టీఎస్ లైఫ్ స్కిల్స్‌లో ఏ1 అనే ప్రాథమిక స్థాయి పరీక్ష రాయడమే తేలికని సెప్టెంబరులో రాశాను. రాయడమంటే రాత ఉండదు, మాట్లాడడమూ వినడమూ మాత్రమే. ఇద్దరు అభ్యర్థులను కలిపి పరీక్షకురాలి ముందు కూర్చోబెడతారు. నాకు జతగా వచ్చిన అమ్మాయిది నిజామాబాదు, పెళ్ళై నాలుగు నెలలైంది, భర్త లెస్టర్‌లో ఉంటాడు. చేతులకు గాజులు నిండుగా ఉన్నాయి, బల్ల మీద అవి చప్పుడు చేస్తాయేమోనని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పరీక్షకురాలు ఇంటి పేరు అక్షరాలు విడివిడిగా చెప్పమంది. తరువాత మీకు ఇష్టమైన వంట గురించి ఒకరినొకరు అడగమంది. నేను తరగతిలో పాఠం చెప్పినట్టు పొడుగు వాక్యాలు మాట్లాడితే ఆ అమ్మాయి బెదిరిపోతుందని, చిన్న చిన్న ప్రశ్నలు వేశాను. మొత్తం ఇరవై నిమిషాలలోపే అయిపోయింది. బయటికొచ్చాక ఆ అమ్మాయి "మీరు టీచరా మేడం? మీరు అడిగినట్టు ఆవిడ అడగలేదు" అంది. ఫలితం వారం తరువాత వచ్చింది, ఉత్తీర్ణురాలినని మాత్రమే, మార్కులుండవు. గుర్తింపు పొందిన కేంద్రంలో రాస్తేనే ఇది చెల్లుతుంది. పేరొకటే కదా అని వేరే ఐఈఎల్టీఎస్ ఏదో రాసేయకండి.

క్షయ పరీక్ష అంటే ఛాతీ ఎక్స్‌రే. బ్రిటన్ ప్రభుత్వం ఆమోదించిన ఆసుపత్రుల జాబితాలో ఉన్న చోటే తీయించుకోవాలి. ధ్రువపత్రం ఆరు నెలలే చెల్లుతుంది కాబట్టి మరీ ముందుగా తీయించుకోకుండా నవంబరు చివర్లో వెళ్ళాను. ఉదయం వెళితే మధ్యాహ్నానికి పని ముగిసింది.

నన్ను బాధపెట్టింది ఈ పరీక్షలు కావు. మా కాపురం నిజమైనదని రుజువు చేయడం. ఏడేళ్ళ అద్దె ఒప్పందాలు, ఇద్దరి పేర్లతో ఉన్న బ్యాంకు ఖాతా, కరెంటు బిల్లులు, పెళ్ళి ఫొటోలు, అమ్మ షష్టిపూర్తిలో ఆయన పంచె కట్టుకుని పీటల పక్కన నిలబడ్డ ఫొటో, ఇవన్నీ బాగానే ఉన్నాయి. విడిగా ఉన్న నెలలకు మాత్రం మేము మాట్లాడుకుంటున్నామని చూపించాలి. వాట్సాప్ కాల్ జాబితాల స్క్రీన్‌షాట్లు నెలకు కొన్ని చొప్పున తీసి పెట్టాం. సందేశాల్లో ఏవి పెట్టాలో ఎంచడానికి ఒక ఆదివారమంతా పట్టింది. జ్వరం వచ్చిన రోజు ఆయన పంపిన సందేశం పెట్టనా వద్దా, పోట్లాడుకున్నది పెడితే నమ్ముతారా, మరీ ముద్దుగా ఉంటే కావాలని రాసుకున్నామనుకుంటారా అని ఒక తెలియని అధికారి కళ్ళతో నా మొగుడి మాటలు చదువుకోవలసి వచ్చింది. అంత చిన్నతనంగా నాకు ఇంకెప్పుడూ అనిపించలేదు.

ఆయన సంస్థ ఇచ్చే ఉత్తరం దగ్గర కొంత ఆలస్యమైంది. జీతమెంత, ఎప్పటి నుంచి పనిచేస్తున్నారు, ఆ జీతం ఎప్పటి నుంచి ఇస్తున్నారు, ఉద్యోగం శాశ్వతమా తాత్కాలికమా అన్నవన్నీ అందులో ఉండాలి. మానవ వనరుల విభాగం వారు మొదట రెండు వాక్యాలు రాసిచ్చారు. నియమాల పేజీ ముద్రించి చూపించాక పూర్తి ఉత్తరం ఇచ్చారు. పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లలో చివరిది దరఖాస్తుకు ముందు ఇరవై ఎనిమిది రోజుల లోపలిదై ఉండాలి గనుక, అన్నీ చేతికొచ్చిన వారంలోనే, డిసెంబరు 19న, ఆన్‌లైనులో దరఖాస్తు పంపాం.

ఖర్చు సంగతి. దరఖాస్తు రుసుము 1,846 పౌండ్లు. దానితో పాటే అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం ముందే కట్టే ఆరోగ్య సర్‌చార్జి ఏడాదికి 1,035 చొప్పున మూడేళ్ళకు 3,105 పౌండ్లు. వీసా ఇచ్చేది ముప్పై మూడు నెలలకే అయినా వసూలు మూడేళ్ళకే. రెండూ కలిపి 4,951 పౌండ్లు, అప్పటి రేటులో అయిదు లక్షల ముప్పై వేల రూపాయలు. ఇందులో వాయిదాల్లేవు, ఒక్కసారే కట్టాలి. బ్యాంకుకు ముందుగా ఫోను చేసి కార్డు మీద విదేశీ లావాదేవీ పరిమితి పెంచుకోకపోతే ఆ మొత్తం దాటదు. మేము కట్టిన కొన్ని నెలలకే, 2025 ఏప్రిల్‌లో, దరఖాస్తు రుసుము 1,938 అయింది. ఏజెంట్లు పూర్తి ప్యాకేజీకి అడిగినవి విని మేము సొంతంగానే చేసుకున్నాం. ఆదాయం జీతం రూపంలో, ఒకే సంస్థ నుంచి వస్తుంటే ఎవరైనా చేసుకోగలిగిన పనే అది. సొంత వ్యాపారం ఉన్నవాళ్ళు మాత్రం న్యాయవాదికి చూపించుకోవడం మంచిది, ఆ లెక్కలు వేరు.

2025 జనవరి మొదటి వారంలో హైదరాబాదు దరఖాస్తు కేంద్రంలో వేలిముద్రలు, ఫొటో ఇచ్చాను. పాస్‌పోర్టు వాళ్ళే ఉంచుకున్నారు. అప్పటి నుంచి పన్నెండు వారాల్లోపు నిర్ణయమన్నారు. సంక్రాంతికి రాజమహేంద్రవరం వెళితే, కనిపించిన ప్రతివాళ్ళూ "ఇంకా రాలేదా?" అన్నారు. ఆ ఒక్క ప్రశ్నకే నేను పండుగ మూడో రోజున తిరిగి హైదరాబాదు బస్సెక్కేశాను. కళాశాలలో రాజీనామా ఇవ్వలేదు, ఇల్లు ఖాళీ చేయలేదు. మీరూ చేయకండి. తిరస్కరిస్తే దరఖాస్తు రుసుము వెనక్కి రాదు, సర్‌చార్జి మాత్రం తిరిగి ఇస్తారు. అప్పుడు ఉద్యోగమూ ఇల్లూ కూడా పోగొట్టుకుని కూర్చోవలసిన అవసరం ఉండకూడదు.

మార్చి 14న మెయిల్ వచ్చింది. నిర్ణయం తీసుకున్నామని ఉంది గాని, ఏం నిర్ణయమో అందులో లేదు. పాస్‌పోర్టు తీసుకోవడానికి వెళ్ళి, కవరు అక్కడే చించితే కాళ్ళు నిలవవేమోనని ఆటోలో కూర్చుని చించాను. పాస్‌పోర్టులో తొంభై రోజుల ప్రవేశ స్టిక్కరు ఉంది. అసలు వీసా ఇప్పుడు కాగితం మీద ఉండదు, కార్డు కూడా ఇవ్వరు. ఆన్‌లైనులో ఖాతా తెరిస్తే ఈవీసాగా కనిపిస్తుంది. ఆయనకు ఫోను చేస్తే అక్కడ ఇంకా తెల్లవారలేదు. ఇద్దరమూ చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. ఆటో అతను మాత్రం "ఎక్కడికి పోనియ్యాలె మేడం?" అని రెండుసార్లు అడిగాడు.

తరువాతి మూడు వారాలు పరుగులే. ఇంటి ఓనరు రంగులకని ఒక నెల అద్దె అడ్వాన్సులోంచి పట్టుకున్నారు. బ్యాంకులో నా పొదుపు ఖాతాను ప్రవాసులకుండే ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్చమని రాసిచ్చాను, విదేశంలో స్థిరపడుతున్నప్పుడు మామూలు ఖాతా అలాగే ఉంచుకోకూడదు. పుస్తకాలు, ఇత్తడి సామాను ఓడలో పంపాం. వాడుకున్న ఇంటి సామానుకు అక్కడ సుంకం పడకుండా ఉండాలంటే నివాస మార్పు ఉపశమనానికి ముందుగా దరఖాస్తు పెట్టి నంబరు తీసుకోవాలి. కనీసం పన్నెండు నెలలు బ్రిటన్ బయట ఉండి, ఆ వస్తువులను ఆరు నెలలు వాడి ఉంటే ఇస్తారు. అమ్మ మాత్రం పెట్టెలో అయిదు కిలోల నెయ్యి డబ్బా సర్దింది, వెన్న కాచి తనే చేసిన నెయ్యి. పాల పదార్థాలు మన దేశం నుంచి అక్కడికి తీసుకువెళ్ళనివ్వరని చెబితే నమ్మలేదు. ఆవకాయ, గోంగూర, కందిపొడి వెళతాయని, నెయ్యి మాత్రమే వెళ్ళదని అన్నయ్య చదివి వినిపించాక, డబ్బా బయటికి తీసి, ఆ ఖాళీలో ఇంకో ఆవకాయ సీసా పెట్టింది.

ఏప్రిల్ 5న దుబాయి మీదుగా మాంచెస్టరులో దిగాను. అధికారి పాస్‌పోర్టు చూసి ఎవరి దగ్గరికి వెళుతున్నారని ఒక్క ప్రశ్న వేశాడు, అంతే. మొదటి రెండు వారాల్లో జీపీ, అంటే దగ్గరలోని సాధారణ వైద్యుడి దగ్గర పేరు నమోదు చేయించుకున్నాను, సర్‌చార్జి కట్టేశాం కాబట్టి అక్కడ మళ్ళీ డబ్బేమీ అడగరు. ఉద్యోగానికి, పన్నులకు కావలసిన నేషనల్ ఇన్సూరెన్స్ నంబరుకు దరఖాస్తు పెట్టాను. మన డ్రైవింగు లైసెన్సు పన్నెండు నెలలు చెల్లుతుంది, ఆ తరువాత మొదటి నుంచి పరీక్షలు రాయవలసిందే, ఇరవై ఏళ్ళ అనుభవమున్నా సరే.

అత్తగారు చేతికర్రతో నడుస్తున్నారు. పొద్దున్నే నాకు టీ ఆవిడే పెట్టిస్తారు, చేయనిస్తే తప్ప ఊరుకోరు. ఆవిడతో ఉండడం నేను భయపడినంత కష్టంగా లేదు. నేను ఊహించనిది మరొకటి ఉంది. రోజూ సాయంత్రం ఆవిడకు మందులిచ్చి, రాజమహేంద్రవరంలో అమ్మ మందులు వేసుకుందో లేదో కనుక్కునే వేళకు అక్కడ రాత్రి పది దాటిపోతోంది. ఈ సంగతి మా ఆయనకు నేను చెప్పక్కర్లేకుండానే తెలుసు, ఏడేళ్ళు ఆయన చేసింది ఇదే. అమ్మకు ఏదైనా అవసరం వస్తే ఆయన ఓసీఐ కార్డుతో ఇద్దరం ఎప్పుడైనా వెళ్ళి అక్కడే ఉండిపోవచ్చు, ఆయన ఉద్యోగం కూడా చేసుకోవచ్చు. ఈ వీసా విషయంలో మాత్రం దేశం బయట ఎక్కువ కాలం ఉండిపోతే పొడిగింపు దగ్గర జవాబు చెప్పుకోవలసి వస్తుంది.

నా వీసా 2027 చివర్లో ముగుస్తుంది. అప్పుడు మరో ముప్పై నెలలకు పొడిగించుకోవాలి, మొత్తం అయిదేళ్ళు నిండాకే శాశ్వత నివాసానికి అర్హత. పొడిగింపులో మళ్ళీ ఆదాయం చూపించాలి, ఈసారి ఇక్కడ నాకు వచ్చే జీతాన్ని కూడా కలుపుకోవచ్చు. సెప్టెంబరు నుంచి దగ్గర్లోని పాఠశాలలో సహాయ ఉపాధ్యాయురాలిగా చేరుతున్నాను. పే స్లిప్పులు దాచేందుకు ఆయన ఇప్పటికే ఒక ఫైలు కొని పెట్టారు.